సర్పి మానింది, మంట మానలేదు: ఎందుకు?

పుండ్లు ఎండాయి, చెక్కులు రాలిపోయాయి. వీపు నుంచి రొమ్ము కింది దాకా గోధుమరంగు మచ్చలు మిగిలాయి, అంతే. అయినా ఆ పక్కకు పైట తగిలితే అవ్వ ఉలిక్కిపడుతుంది. ఫ్యాన్ గాలి కూడా ఓర్చుకోలేక మంచం వసారాలోకి లాక్కుంటుంది. కొడుకూ కోడలూ మొదట్లో అయ్యో పాపం అంటారు. నెలలు గడిచేకొద్దీ మాట మారుతుంది: "పైకి ఏం లేదు కదనే అమ్మా, ఇంకేం నొప్పి?" కురవిలోనైనా డోర్నకల్‌లోనైనా మానుకోట బజారులోనైనా, సర్పి వచ్చిపోయిన ముసలివాళ్లున్న ఇంట్లో ఈ మాట ఏదో ఒకరోజు వినపడుతుంది.

పైకి కనిపించేది చర్మం. దెబ్బ తిన్నది నరం. చర్మం రెండు నుంచి నాలుగు వారాల్లో కొత్తగా అల్లుకుంటుంది. నరానికి నెలలు పడుతుంది, కొందరిలో ఎప్పటికీ పూర్తిగా బాగుపడదు. పొక్కులు వచ్చిన రోజు నుంచి మూడు నెలలు దాటినా నొప్పి నిలిచే ఉంటే డాక్టర్లు దాన్ని సర్పి తర్వాతి నరాల నొప్పిగా, విడి జబ్బుగా లెక్కేస్తారు. అవ్వ నటించడం లేదు. చాదస్తమూ కాదు.

అసలు సర్పి ఎక్కడి నుంచి వస్తుంది?

చిన్నప్పుడు పోసిన ఆటలమ్మ నుంచి. ఆటలమ్మ తగ్గి, వేపాకు నీళ్లు పోసుకుని, అంతా అయిపోయిందనుకుంటాం. వరిసెల్లా జోస్టర్ అనే ఆ వైరస్ మాత్రం ఒళ్లు విడిచి పోదు. వెన్నుపూసల పక్కన నరాల మొదళ్లలో చిన్న చిన్న ముడులుంటాయి, తలలోని నరాలకూ ఉంటాయి. అక్కడ దాక్కుంటుంది. నలభై, యాభై ఏళ్లు అలాగే ఉండిపోగలదు. వయసు మీద పడి రోగాన్ని అణిచే శక్తి సన్నగిల్లినప్పుడో, షుగరు ముదిరినప్పుడో, కేన్సర్ మందులో స్టెరాయిడ్లో వాడుతున్నప్పుడో, హెచ్‌ఐవీ ఉన్నప్పుడో లేస్తుంది. ఏ ముడిలో లేచిందో ఆ నరం వెంట చర్మం దాకా నడుస్తుంది. కాబట్టి సర్పి ఎవరి దగ్గరి నుంచో అంటుకున్నది కాదు, ఎవరి సర్పి వారి లోపలిదే. అయితే పొక్కుల్లోని నీరు తగిలితే ఇదివరకు ఆటలమ్మ పోయనివారికి ఆటలమ్మ రావచ్చు. చెక్కులు కట్టేదాకా చంటిపిల్లలూ గర్భిణులూ దూరంగా ఉంటే మంచిది.

ఈ గుట్టు విప్పినవాడు పెద్ద ప్రయోగశాలలో కూర్చున్నవాడు కాదు. ఇంగ్లండ్‌లో సైరెన్‌సెస్టర్ అనే చిన్న ఊళ్లో వైద్యం చేసుకునే ఎడ్గర్ హోప్-సింప్సన్. 1947 నుంచి 1962 వరకు పదహారేళ్లు తన దగ్గరికి వచ్చిన ప్రతి సర్పినీ రాసిపెట్టుకున్నాడు. మొత్తం 192. ఆ చిట్టా చూసుకుని 1965లో, ఇది లోపల నిద్రపోయిన ఆటలమ్మ వైరసే మళ్లీ లేవడమని వాదించాడు. అది నిజమని తర్వాత తేలింది. మన మండలాల్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ఓపీ రిజిస్టర్లు చూసినప్పుడల్లా ఆయన గుర్తుకొస్తాడు. వాటిలో ఎన్ని విషయాలు చదివే దిక్కులేక పడి ఉన్నాయో.

ఒకవైపే ఎందుకు వస్తుంది? తలా తోకా కలిస్తే ప్రాణం పోతుందా?

పోదు. ఈ భయం మాత్రం ఊళ్లలో గట్టిగా ఉంది. పొక్కులు పాములా నడుమును చుట్టుకుంటాయని, తలా తోకా కలిస్తే మనిషి దక్కడని అంటారు. నిజానికి అవి కలవడమే అరుదు. వెన్నెముక నుంచి బయల్దేరే నరాలు జతలు జతలుగా ఉంటాయి. కుడి నరం కుడివైపు చర్మానికి, ఎడమ నరం ఎడమవైపు చర్మానికి. పొట్ట మీద, ఛాతీ మీద సరిగ్గా నడిమి గీత దగ్గర రెండూ ఆగిపోతాయి. వైరస్ లేచేది సాధారణంగా ఒకవైపు ముడిలో కాబట్టి పొక్కుల పట్టీ కూడా నడిమి గీత దగ్గరే ఆగుతుంది. ఏ నరం ఒంట్లో ఎక్కడిదాకా పోతుందో తెలిపే పటాన్ని 1900లో లండన్‌లో హెన్రీ హెడ్, క్యాంప్‌బెల్ గీసింది కూడా సర్పి రోగుల ఒంటి మీది పట్టీలను చూసే. రెండు వైపులా వచ్చినా, ఒళ్లంతా చెదురుమదురుగా పొక్కులు లేచినా అది రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్నదనే సూచన. అప్పుడు మంత్రగాడి దగ్గరికి కాదు, పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

భయపడాల్సిన చోటు ఇంకొకటి ఉంది: ముఖం. నుదుటి మీద, కనురెప్ప మీద, ముఖ్యంగా ముక్కు కొన మీద పొక్కు లేచిందంటే కంటికీ ముప్పుందని అర్థం. ముక్కు కొనకూ కంటిగుడ్డుకూ పోయేది ఒకే నరపు కొమ్మ. ఆ రోజే కంటి డాక్టరును చూడాలి. చెవిలో పొక్కులతో మూతి వంకరపోయినా ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి.

ఎర్రమన్ను పూస్తే తగ్గుతుందంటారు, తగ్గడం మేమూ చూశాం?

చూసే ఉంటారు. రాయలసీమలోనూ తమిళనాడులోనూ దీన్ని అక్కి అంటారు, కుమ్మరి చేత ఎర్రమన్నుతో సింహం బొమ్మ రాయిస్తారు. మనవైపు పసర్లు, పూతలు, మంత్రాలు. మన్ను చల్లగా ఉంటుంది, కాసేపు హాయి అనిపిస్తుంది, దాన్ని కాదనను. కానీ ఏ పూతా పూయకపోయినా పొక్కులు రెండు నుంచి నాలుగు వారాల్లో వాటంతటవే మానతాయి. ఆ పేరు పూత పూసినవాడికి పోతుంది. పచ్చి పుండు మీద మన్నూ పసరూ పడి చీము పడితే మాత్రం ఆ నింద ఎవరికీ పోదు, రోగి కర్మలోకి పోతుంది.

పూతతో వచ్చే అసలు నష్టం కాలం. వైరస్‌ను అణిచే మందులు మొదటి పొక్కు కనిపించిన 72 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తాయి. ఎసైక్లోవిర్ అయితే 800 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు ఐదుసార్లు, వాలాసైక్లోవిర్ అయితే గ్రాము చొప్పున మూడుసార్లు, ఏడు రోజులు. కిడ్నీలు బలహీనంగా ఉన్నవారికి డాక్టరు మోతాదు తగ్గిస్తారు. కొత్త పొక్కులు ఇంకా లేస్తూ ఉంటే, లేదా ముఖానికి వస్తే, మూడు రోజులు దాటినా మందు ఇస్తారు. వీటితో పుండ్లు త్వరగా మానతాయి, అప్పటి నొప్పి తగ్గుతుంది. తర్వాత మిగిలే నొప్పిని పూర్తిగా ఆపుతాయని మాత్రం పరీక్షల్లో గట్టిగా తేలలేదు. స్టెరాయిడ్లు ఆపవని తేలింది. మరి ఎందుకు వేసుకోవాలంటారా? మొదటి రోజుల్లో నొప్పి ఎంత తీవ్రంగా ఉంటే తర్వాత మిగిలే ప్రమాదం అంత ఎక్కువ. ఆ రోజుల్లో నరం ఎంత తక్కువ కాలితే అంత మేలు.

   

ఇంకొక చిక్కు. పొక్కులకు రెండు మూడు రోజుల ముందే నొప్పి మొదలవుతుంది. ఎడమ ఛాతీలో వస్తే గుండెనొప్పని ఈసీజీ తీస్తారు, బాగుందంటే గ్యాస్ గోళీ ఇస్తారు. నడుములో వస్తే కిడ్నీలో రాయంటారు. అందుకని ఒంటికి ఒకవైపే కొత్తగా మంటా గుచ్చుడూ మొదలైతే, రోజూ అద్దంలోనో ఇంకొకరి చేతనో ఆ చోటు చూపించుకోవాలి. పొక్కు లేచిన పూటే బయల్దేరితే డెబ్బై రెండు గంటల్లో బోలెడు మిగులుతాయి.

పుండు మానాక నొప్పి ఎందుకు మిగులుతుంది?

ఆసుపత్రిలో డాక్టరు చేసే ఒక చిన్న పరీక్ష చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. దూదిని సన్నగా లాగి మచ్చ మీద ఆనిస్తాడు.

"అవ్వా, తాకుతున్నదా?"

"తాకుడు తెలుస్తలేదు బిడ్డా, కాలుతున్నది."

తర్వాత సూదిమొనతో మెల్లగా పొడుస్తాడు. మచ్చ నడుమ కొంత మేర పొడిచినా తెలియదు. అంచుల్లో మాత్రం దూది తగిలినా కళ్లలో నీళ్లు తిరుగుతాయి. మొద్దుబారిన చోటే మంట, ఇదెక్కడి లెక్క?

వైరస్ నడిచిన దారిలో నరపు పోగులు కొన్ని చచ్చిపోతాయి, అందుకే మొద్దుదనం. బతికిన పోగులు దెబ్బతిని, ఎవరూ తాకకపోయినా వాటంతటవే నొప్పి సంకేతాలు పంపుతుంటాయి. అవి రాత్రీ పగలూ వచ్చిపడుతుంటే వెన్నుపాములో వాటిని అందుకునే కణాలు మెల్లగా అలవాటు మార్చుకుంటాయి, చిన్న సంకేతాన్నీ పెద్దది చేసి మెదడుకు పంపుతాయి. కురవి వీరభద్రుడి జాతరలో మైకు ముందు గుసగుసలాడినా గుడి చుట్టూ మోగినట్టు, పైట అంచు తగలడం మెదడుకు వాత పెట్టినంత మోగుతుంది. మామూలుగా మెదడు నుంచి కిందికి నొప్పిని అణిచే సంకేతాలు కూడా దిగుతుంటాయి. ఈ జబ్బులో అవి బలహీనపడతాయి.

అందరికీ ఇలా మిగలదు. సర్పి వచ్చిన పదిమందిలో ఒకరికో ఇద్దరికో మిగులుతుంది. నలభై లోపువారిలో చాలా అరుదు, అరవై దాటాక బాగా పెరుగుతుంది. పొక్కులు ఎక్కువ మేర లేచినవారికి, ముందునుంచే నొప్పి ఉన్నవారికి, కంటివైపు వచ్చినవారికి, షుగరు ఉన్నవారికి ముప్పు ఎక్కువ.

ఇన్ని నొప్పి గోళీలు మింగినా ఎందుకు తగ్గదు?

ఎందుకంటే అవి వేరే నొప్పికి చేసినవి. డైక్లోఫెనాక్ వంటివి వాపును తగ్గించి నొప్పి తగ్గిస్తాయి. ఇక్కడ వాపు ఎప్పుడో పోయింది. ఆరెంపీ దగ్గర వారానికి రెండు సూదులు, షాపులో చీటీ లేకుండా గుప్పెడు గోళీలు, ఇలా నెలలు నడిస్తే నరం నొప్పి అలాగే ఉంటుంది, కడుపులో పుండు, కిడ్నీకి దెబ్బ అదనం. బీ12 సూదులు కూడా అంతే ఉత్సాహంగా పొడుస్తుంటారు. ఒంట్లో బీ12 తక్కువున్నవారికి అది మంచి మందే. కానీ ఈ నొప్పికి ముందువరుస మందు కాదు.

ముందువరుసలో ఉన్నవి మూడు రకాలు. ఒకటి అమిట్రిప్టిలిన్, నార్‌ట్రిప్టిలిన్. రెండు గాబాపెంటిన్, ప్రిగాబాలిన్. మూడోది లిడోకైన్ అనే తిమ్మిరి మందున్న పట్టీ. మచ్చ మీద అతికించి పన్నెండు గంటలుంచి, పన్నెండు గంటలు తీసేయాలి. పుండు పూర్తిగా మానిన తోలు మీదే వేయాలి.

మొదటి రెండింటితో ఒక తంటా వస్తుంది. పట్నంలో చదివే మనవడు ఫోనులో మందు పేరు కొట్టి చూస్తాడు. అమిట్రిప్టిలిన్ అంటే డిప్రెషన్ మందు అని, గాబాపెంటిన్ అంటే ఫిట్స్ మందు అని వస్తుంది. "మా నాయనమ్మకు పిచ్చి అనుకుంటున్నరా?" అని ఇంట్లో గొడవ, మందు బంద్. ఆ మందులు మొదట ఆ జబ్బులకు వచ్చిన మాట నిజమే. కానీ అదుపు తప్పిన నరాల సంకేతాలను అవి తగ్గిస్తాయని తర్వాత తేలింది. అమెరికాలో సర్పి తర్వాతి నొప్పికే గాబాపెంటిన్‌ను 2002లో అనుమతించారు. అమిట్రిప్టిలిన్ మోతాదు కూడా డిప్రెషన్‌కు ఇచ్చేదానికంటే ఇక్కడ చాలా తక్కువ, రాత్రిపూట 10 మిల్లీగ్రాములతో మొదలవుతుంది. ఈ రెండు వాక్యాలు చీటీ రాసే డాక్టరే ముందుగా చెప్పేస్తే సగం గొడవ ఉండదు. అరవై మంది వరుసలో నిలబడ్డ ఓపీలో ఆ తీరిక దొరకదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తక్కువతో మొదలుపెట్టి వారం వారం పెంచుతారు. సరిపడే మోతాదుకు చేరాక కూడా నాలుగు నుంచి ఆరు వారాలు చూస్తేనే పనిచేస్తుందో లేదో తెలుస్తుంది. చాలామంది నాలుగో రోజునే "నిద్ర తప్ప ఏం రాలేదు" అని పారేస్తారు. ఆశ ఎంత పెట్టుకోవాలో కూడా తెలిసుండాలి. నరాల నొప్పుల మందులపై 2015లో లాన్సెట్ న్యూరాలజీ పత్రికలో వచ్చిన పెద్ద సమీక్ష ప్రకారం, ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే అదనంగా ఒకరికి నొప్పి సగానికి తగ్గాలంటే అమిట్రిప్టిలిన్ రకం మందు సుమారు నలుగురికి, ప్రిగాబాలిన్ సుమారు ఎనిమిది మందికి ఇవ్వాలి. అంటే ఒక మందు పనిచేయకపోతే రెండోది చూడాలి, ఒక్కోసారి రెండూ తక్కువ మోతాదులో కలపాలి. నొప్పి సున్నా కావాలని పట్టుబడితే నిరాశే. సగం తగ్గి, రాత్రి నిద్రపడితే అది మందు గెలిచినట్టే లెక్క.

జాగ్రత్తలు ముసలివాళ్లకే ఎక్కువ కావాలి. అమిట్రిప్టిలిన్‌తో నోరు ఎండుతుంది, మలబద్ధకం వస్తుంది. ప్రోస్టేట్ వాపున్న తాతలకు మూత్రం బిగుసుకోవచ్చు. గుండె లయ తప్పేవారికి, కొన్ని రకాల గ్లాకోమా ఉన్నవారికి పనికిరాదు. గాబాపెంటిన్, ప్రిగాబాలిన్‌తో తల తిరుగుతుంది, రాత్రి మూత్రానికి లేచి పడితే తుంటి విరుగుతుంది. మంచం పక్కన లైటు స్విచ్చు అందేలా ఉండాలి. మరీ ముఖ్యంగా కల్లు. తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజిపామ్ కలుపుతున్నట్టు ఎక్సైజ్ కేసుల్లో పదేపదే బయటపడింది. సాయంత్రం అలాంటి కల్లు తాగి, రాత్రి ప్రిగాబాలిన్ వేసుకుంటే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. డాక్టరు అడగకపోయినా తాగుడు సంగతి చెప్పాలి, సిగ్గుపడేదేం లేదు.

మిరపకాయతో మంట తగ్గుతుందట, నిజమేనా?

మానుకోట జిల్లాలో ఈ ప్రశ్న రాకపోతేనే వింత. తేజ మిర్చి ఏరినరోజు, కళ్లంలో తాలు కాయలు వేరుచేసినరోజు ఆడవాళ్ల చేతులు రాత్రంతా మండుతాయి. సబ్బుతో కడిగినా పోదు. సీజను మొదట్లో ఉన్నంత మంట చివర్లో ఉండదని కూలీలే చెబుతారు. ఆ అనుభవం వెనకే మందు ఉంది. మిర్చిలోని క్యాప్సైసిన్, నరాల కొసల మీద వేడిని పసిగట్టే ఒక ద్వారాన్ని తెరుస్తుంది. అందుకే కాలకుండానే కాలినట్టు ఉంటుంది. ఆ ద్వారాన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ దక్కింది. క్యాప్సైసిన్ ఎక్కువగా, మళ్లీ మళ్లీ తగిలితే ఆ కొసలు అలిసి వెనక్కి ముడుచుకుంటాయి, కొన్ని వారాలపాటు నొప్పి కబురు పంపవు.

దీన్నిబట్టే 8 శాతం క్యాప్సైసిన్ పట్టీ చేశారు. ఆసుపత్రిలో గంటసేపు వేస్తే మూడు నెలల దాకా ఊరట ఉండొచ్చు. అది మన ఊళ్ల మందుల షాపుల్లో మామూలుగా దొరికేది కాదు. దొరికేది 0.025, 0.075 శాతం క్రీము. రోజుకు మూడు నాలుగుసార్లు, వారాల తరబడి రాయాలి. మొదటి వారం మంట పెరుగుతుంది, చాలామంది అక్కడే మానేస్తారు. రాశాక చేతులు కడగకుండా కన్ను నలుపుకుంటే ఏమవుతుందో మిర్చి రైతుకు చెప్పనక్కర్లేదు. ఇక ఇంట్లో కారం నూరి పూయడం మాత్రం వద్దు. ఎంత ఘాటుందో లెక్క తెలియదు, తోలు పొక్కిపోతుంది.

ఇంట్లో ఏం చేయొచ్చు? పత్యం ఉండాలా?

వంకాయ, గుడ్డు, మాంసం, గోంగూర అన్నీ బంద్ పెట్టి గంజీ చారూ పోస్తుంటారు. ఈ వైరస్‌కూ వంకాయకూ ఏ సంబంధమూ లేదు. అసలే నీరసించిన మనిషికి గుడ్డూ పప్పూ ఆపేస్తే ఇంకా నీరసిస్తుంది. షుగరున్నవారికి చక్కెర అదుపే పత్యం.

బట్టల సంగతి కొంచెం తిరకాసుగా ఉంటుంది. సన్నగా రాసుకుంటూ కదిలే గుడ్డ నొప్పి లేపుతుంది, గట్టిగా అంటి ఉన్న గుడ్డ అంతగా లేపదు. అందుకని ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు బనీను ఒంటికి అంటేలా వేసుకుని, దాని మీద చీరో చొక్కానో వేసుకుంటే చాలామందికి హాయి. తడిగుడ్డ కాసేపు వేయొచ్చు, ఐసు నేరుగా పెట్టకూడదు. మొద్దుబారిన చోట కాపడం అసలే వద్దు, కాలినా తెలియదు.

మందులన్నీ చూశాక కూడా ఆగని నొప్పికి నరాల దగ్గర ఇచ్చే ప్రత్యేక సూదులు, ఇంకా పెద్ద పద్ధతులు ఉన్నాయి. వాటికి వరంగల్ ఎంజీఎం దాకానో హైదరాబాద్ నిమ్స్ దాకానో పోవాలి. మొదటి మెట్టు అంత దూరం కాదు. మానుకోటలో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ పాత మందులు, జనరిక్‌లో చవక.

ఎన్నాళ్లుంటుంది? మళ్లీ వస్తుందా?

ఎక్కువమందికి నెలలు గడిచేకొద్దీ తగ్గుతూ వస్తుంది. కొందరికి ఏళ్లు ఉంటుంది. కొన్ని నెలలు నెమ్మదించాక మందును డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి, ఒక్కసారిగా ఆపకూడదు.

సర్పి ఒకసారి వచ్చినవారికి మళ్లీ రావచ్చు, అయితే తక్కువమందికే. రాకుండా టీకా ఉంది. షింగ్రిక్స్ పేరుతో 2023 నుంచి మన దేశంలో యాభై దాటినవారికి దొరుకుతోంది. రెండు డోసులు, రెండు నుంచి ఆరు నెలల ఎడంతో. 2015లో వెలువడిన పెద్ద పరీక్షలో యాభై పైబడినవారిలో 97 శాతం దాకా సర్పిని ఆపింది. తర్వాతి పరీక్షల్లో డెబ్బై దాటినవారిలో కూడా 90 శాతం దగ్గరగా. బతికున్న వైరస్ లేని టీకా కాబట్టి రోగనిరోధక శక్తి తగ్గినవారికీ ఇవ్వొచ్చు. ఒకటి రెండు రోజులు చేయి నొప్పి, కొద్దిగా జ్వరం ఉంటాయి. ఇప్పటికే మిగిలిన నొప్పిని ఇది తగ్గించదు, మళ్లీ సర్పి రాకుండా మాత్రమే చూస్తుంది. సర్పి వచ్చి తగ్గినవారు కూడా పొక్కులు పూర్తిగా మానాక వేయించుకోవచ్చు. ప్రభుత్వ టీకాల జాబితాలో లేదు, ఖర్చు వేలల్లో ఉంది. ఇంట్లో అందరికీ వేయించలేకపోతే, ఎవరికి ముందన్నది డాక్టరుతో మాట్లాడాలి. షుగరున్న అరవై ఏళ్ల మనిషిది మొదటి వంతు.